మునివేళ్ళ మీద

పెదవుల మధ్య ఆరు మేకులు.
అందుకే శనివారం మధ్యాహ్నాలు నేను అరవలేను.
పైసాండూ రేవు వెనక సందులో, నాన్న కూర్చున్న ముక్కాలిపీట మీదే కూర్చుని
ఊరివాళ్ళ చెప్పులకు అడుగులు కొడుతూ వింటాను.
రేడియో ఒంటినిండా జిగురు మరకలు.
ఏరియల్ విరిగిన చోట గొడుగు ఊచ కట్టాను.
దాన్ని పట్టుకుని దిగివస్తాడు
ఒదిలియో బిదార్తె.

"ఎండ ఎడమవైపు గోల్‌పోస్టు మీద పడుతోంది.
గోలీ టోపీ మరిచిపోయాడు" అంటూ మొదలుపెడతాడు.
నేను కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను,
దుకాణంలో ఉన్నది నలభై క్యాండిళ్ళ బల్బే అయినా.

రాజధాని స్టేషన్లవాళ్ళు గోల్ అన్న మాటని
తీగపాకంలా సాగదీస్తారు, ఊపిరి అయిపోయేదాకా.
ఇతను ముందు ఆగుతాడు.
ఒక్క రెప్పపాటు.
ఆ ఖాళీలో నా సుత్తి గాల్లో నిలబడిపోతుంది,
ఎదురు కొట్లో మంగలి కత్తి ఎవరి గడ్డం కిందో ఆగిపోతుంది.
అప్పుడంటాడు, గోడ మీంచి పక్కింటికి కబురందించినట్టు:
"లోపలికెళ్ళింది."

పెనాల్టీ తప్పిన కుర్రాణ్ణి తిట్టడు.
"వాళ్ళమ్మ వింటూ ఉంటుంది" అని
కాసేపు గాలివాటు గురించి మాట్లాడతాడు.

ఒక జూలైలో, ఎముకలు కొరికే చలిలో,
నది మంచై లేచి మైదానంలోకి నడిచొచ్చింది.
ఇంకొకడైతే లేని పాసులు అల్లేవాడు.
ఎవడు చూడొచ్చాడు?
ఇతను గొంతు సవరించుకుని
"నాకేమీ కనబడట్లేదు. ఇప్పుడు మీరూ నేనూ సమానం" అని
మైకు కిటికీ బయటికి చాపాడు.
తడిసిన తోలు మీద బూటు దెబ్బ.
ఎవడో "నాది, నాది" అంటున్నాడు.
ఒక ఈల. ఎక్కడో కుక్క.
పదకొండు నిమిషాలు.
నా జన్మలో అంత స్పష్టంగా ఏ ఆటా చూడలేదు.

ఇంకోసారి
"ఏడో నంబరు ఎడమ బూటు నోరు తెరిచింది" అన్నాడు.
గురువారం దాన్ని కుట్టింది నేనే.
చెవులు భగ్గున మండాయి.
"కుట్టు మంచిదే, తప్పు బురదది" అన్నాడు వెంటనే.
అతనికేం తెలుసు, ఎవరు కుట్టారో?
ఆ మాటని మాత్రం చెక్క అచ్చుల వెనక,
అద్దె డబ్బులు దాచే డబ్బాలో పెట్టుకున్నాను.

మొన్న మంగళవారం
పొట్టిమనిషి ఒకడు, మెడకి గోధుమరంగు మఫ్లరు,
కాగితంలో చుట్టిన బూట్లు బల్ల మీద పెట్టి
"శనివారానికల్లా అవుతాయా?" అన్నాడు.
నాలుగు మాటలు చాలు గుర్తుపట్టడానికి.
కానీ బంతి లేని ఆ గొంతు ఎంత చిన్నది!
వానలో తడిసిన పిచ్చుకంత.
చెప్పాలనుకున్నవి ఇరవయ్యేళ్ళవి ఉన్నాయి,
పెదవుల మధ్య ఆరు మేకులూ ఉన్నాయి.
తల ఊపాను.

వెళ్ళాక బూట్లు తిరగేశాను.
మడమలు కొత్తవాటిలా ఉన్నాయి.
వేళ్ళ దగ్గర మాత్రం
ఉల్లిపొరంత మిగిలింది తోలు.
అర్థమయ్యేసరికి సుత్తి ఒళ్ళో జారింది:
ఆ గూటిలాంటి గదిలో, ప్రతి దాడికీ,
కార్నరు జెండా అవతల ఏముందో మాకోసం చూడ్డానికి
ఇన్నేళ్ళూ ఈ మనిషి మునివేళ్ళ మీద నిలబడుతున్నాడు.

ఎద్దుతోలులో మంచి ముక్క ఏరి
రెండు పొరలు ఎక్కువ వేశాను.
డబ్బులు పూర్తిగానే తీసుకున్నాను,
అతను అలాంటి లెక్కలు ఒప్పుకునే మనిషిలా లేడు.

శనివారం అతని గొంతు
వెంట్రుకవాసి ఎత్తు నుంచి వచ్చినట్టనిపించింది.
నా భ్రమే కావచ్చు.
డెబ్భై మూడో నిమిషంలో అతను ఆగాడు.
నేను మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మేసి
నోరు ఖాళీ చేసుకుని
కూర్చున్నాను.